కండరానికి బలం ఎక్కడిది? లాక్టిక్ ఆమ్లం నుంచి ఏటీపీ వరకు

మన దేహంలో ఆరు వందలకు పైగా కండరాలు ఉన్నాయి. ఆరోగ్యవంతుడైన యువకుని బరువులో దాదాపు 40 శాతం వాటిదే. నడవాలన్నా, నమలాలన్నా, ఊపిరి తీయాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా కండరం ముడుచుకోవలసిందే. అయితే కండరం ఎలా ముడుచుకుంటుంది, అందుకు కావలసిన శక్తి ఎక్కడి నుంచి వస్తుంది అన్న ప్రశ్నలకు సరైన సమాధానాలు ఇరవయ్యో శతాబ్దంలో గాని దొరకలేదు. అంతకుముందు రెండు వేల సంవత్సరాల పాటు వైద్యులు నమ్మిన సమాధానాలు ఒక్కొక్కటిగా వీగిపోయాయి. వాటిలో చివరిది నోబెల్ బహుమతి పొందిన సిద్ధాంతం. దాని పునాదిని కదిలించిన వారిలో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆ సిద్ధాంతపు ఛాయలు నేటికీ మన మాటల్లో మిగిలే ఉన్నాయి కనుక ఈ చరిత్రను తెలుసుకోవడం మన ఆరోగ్యానికి కూడా మేలు చేస్తుంది.

గాలితో ఉబ్బే తిత్తులు

సుశ్రుత సంహిత మానవదేహంలో 500 పేశులను లెక్కించింది. కండరాల సంఖ్యను, స్థానాలను ప్రాచీనులు శ్రద్ధగా పరిశీలించారు గాని, వాటి లోపల ఏమి జరుగుతున్నదో కంటికి కనిపించేది కాదు. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దానికి చెందిన గ్రీకు వైద్యుడు ఎరసిస్ట్రాటస్ ఒక ఊహ చేశాడు. నాడుల గుండా ఒక సూక్ష్మవాయువు ప్రవహించి కండరాన్ని నింపుతుందని, అప్పుడు కండరం అడ్డంగా ఉబ్బి, నిలువునా కురచబడుతుందని ఆయన భావన. చేయి మడిచినప్పుడు కండ ఉబ్బినట్లు కనిపిస్తుంది కనుక ఈ మాట సహజంగానే తోచింది. అందుకే ఈ తరహా వివరణలు పదిహేడవ శతాబ్దం దాకా చెలామణి అయ్యాయి.

దానిని పరీక్షకు పెట్టినవాడు హాలెండు దేశస్థుడు యాన్ స్వామర్‌డామ్. ఆయన కప్ప తొడ కండరాన్ని నాడితో సహా వేరుచేసి, ఒక గాజుపాత్రలో మూసి ఉంచాడు. పాత్ర కొనకు ఉన్న సన్నని గొట్టంలో ఒక నీటిబొట్టును నిలిపాడు. నాడిని లాగి కదిలించగానే కండరం ముడుచుకున్నది. లోపలికి వాయువు చేరి కండరం ఉబ్బినట్లయితే నీటిబొట్టు పైకి జరగాలి. కాని అది పైకి జరగలేదు. ముడుచుకున్న కండరం ఆకారం మారుతుందే గాని దాని పరిమాణం పెరగదని ఒక్క నీటిబొట్టుతో తేలిపోయింది. ఆయన 1680లో మరణించాక, ఎన్నో దశాబ్దాలకు గాని ఈ ప్రయోగం అచ్చులో రాలేదు.

1791లో ఇటలీకి చెందిన లుయీజీ గాల్వానీ, కప్ప కాళ్లు విద్యుత్తు సోకగానే ఎగిరిపడటాన్ని వివరిస్తూ గ్రంథం ప్రకటించాడు. నాడులలో నడిచేది వాయువు కాదు, విద్యుత్తుకు సంబంధించిన సంకేతమని క్రమంగా తెలిసింది. అయితే సంకేతం వేరు, శక్తి వేరు. మీట నొక్కితే దీపం వెలుగుతుంది గాని, వెలుగుకు కావలసిన శక్తి మీటలో లేదు కదా!

నోబెల్ పొందిన సమాధానం

1907లో కేంబ్రిడ్జిలో ఫ్లెచర్, హాప్కిన్స్ అనే శాస్త్రజ్ఞులు కప్ప కండరాలపై ఒక ముఖ్యమైన విషయాన్ని నిరూపించారు. ప్రాణవాయువు అందకుండా పనిచేసిన కండరంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, ప్రాణవాయువు అందిస్తే అది తగ్గిపోతుంది. ఆ తరువాత ఇంగ్లండులో ఆర్చిబాల్డ్ హిల్ కండరంలో పుట్టే అతిస్వల్పమైన వేడిని కొలిచాడు. జర్మనీలో ఆటో మేయర్‌హాఫ్ కండరంలోని గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారే లెక్కలు తేల్చాడు. వీరిద్దరికీ 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది.

వారి కొలతలు సరైనవే. ఆ కొలతల మీద కట్టుకున్న భావన మాత్రం తొందరపాటుది. గ్లైకోజెన్ నుంచి లాక్టిక్ ఆమ్లం పుట్టడమే కండరం ముడుచుకోవడానికి ప్రత్యక్ష కారణమని, ఆ ఆమ్లమే మాంసకృత్తులను కురచబరుస్తుందని ఆనాటి శాస్త్రలోకం స్థూలంగా అంగీకరించింది.

నీలిరంగు ఆలస్యంగా వచ్చింది

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్యకళాశాలలో చదివేటప్పుడు ఖద్దరు ధరించి ఒక ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డారు. 1923లో అమెరికా చేరి, ఆస్పత్రిలో చిన్న కొలువు చేసుకుంటూ హార్వర్డులో చదివారు. అక్కడి జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ వద్ద పరిశోధన ప్రారంభించారు.

వారిద్దరి తొలి విజయం రక్తంలోనూ కణజాలంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతి. ద్రవానికి ఆమ్లంతో కూడిన మాలిబ్డేట్‌ను, మరొక రసాయనాన్ని కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత గాఢమైతే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. 1925లో ప్రచురించిన ఈ పద్ధతి ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధి పొంది, తరతరాల వైద్యవిద్యార్థులకు పాఠమైంది.

ఈ పద్ధతిని కండరసారానికి ప్రయోగించినప్పుడు ఒక వింత కనిపించింది. నీలిరంగు వెంటనే పూర్తిగా రాలేదు, నెమ్మదిగా చిక్కబడుతూ వచ్చింది. దీనిని పరీక్షలోని చిన్న లోపంగా తీసివేయడం సులభం. వారు అలా చేయలేదు. కండరంలో ఉన్న ఏదో సున్నితమైన పదార్థం ఆమ్లంలో మెల్లగా విచ్ఛిన్నమై ఫాస్ఫేట్‌ను వదులుతున్నదని గ్రహించారు. అంతకుముందు కండరాన్ని ఆమ్లంతో పరీక్షించిన వారందరి చేతుల్లోనూ ఆ పదార్థం విరిగిపోయి, మామూలు ఫాస్ఫేట్‌గా లెక్కలో కలిసిపోయింది. అది క్రియాటిన్, ఫాస్ఫేట్ కలిసిన సమ్మేళనం. పేరు ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేసినప్పుడు అది తగ్గుతుందని, విశ్రాంతిలో తిరిగి పెరుగుతుందని కూడా వారు చూపారు. ఇది 1927 నాటి మాట. అదే సమయంలో లండనులో ఎగుల్‌టన్ దంపతులు కూడా కప్ప కండరంలో ఇటువంటి పదార్థాన్ని స్వతంత్రంగా గుర్తించారు.

రెండేళ్లకు, 1929లో, ఫిస్క్, సుబ్బారావు కండరం నుంచి మూడు ఫాస్ఫేట్లు గల అడినొసిన్ ట్రైఫాస్ఫేట్‌ను, అంటే ఏటీపీని, వేరుచేసి ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దానిని కనుగొన్నాడు. లోమన్ పనిచేసింది మేయర్‌హాఫ్ ప్రయోగశాలలోనే! లాక్టిక్ ఆమ్ల సిద్ధాంతం పెరిగిన ఇంటిలోనే దాని వారసుడు పుట్టాడు.

ఆ సిద్ధాంతానికి చివరి దెబ్బ 1930లో తగిలింది. కోపెన్‌హాగెన్‌కు చెందిన ఐనార్ లుంస్‌గార్డ్, అయొడోఅసెటిక్ ఆమ్లమనే విషంతో లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా అడ్డుకున్నాడు. ఆ కండరం అయినా కొంతసేపు చక్కగా ముడుచుకున్నది. ఆ సమయంలో తరిగిపోయింది ఫాస్ఫోక్రియాటిన్. అది అడుగంటాక కండరం బిగుసుకుపోయింది. ఇక్కడ హిల్ పెద్దమనసును మెచ్చుకోవాలి. 1932లో ఆయన స్వయంగా ఈ మార్పును కండరశాస్త్రంలో విప్లవంగా పేర్కొంటూ సమీక్ష వ్రాశాడు. తనకు నోబెల్ తెచ్చిన భావనను సాక్ష్యం ఎదురైనప్పుడు వదులుకోగలిగాడు.

చేద తోడే చేతులు

మిగిలిన కథ త్వరగా సాగింది. 1939లో రష్యాలో ఎంగెల్‌హార్ట్, ల్యుబిమోవా దంపతులు మయోసిన్ అనే కండర మాంసకృత్తే ఏటీపీని విచ్ఛిన్నం చేస్తుందని చూపారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో హంగరీలోని సెగెడ్‌లో సెంట్-జార్జి బృందం ఆక్టిన్ అనే రెండవ మాంసకృత్తును గుర్తించింది. ఆక్టిన్, మయోసిన్ కలిపి తీసిన దారానికి ఏటీపీని, తగిన లవణాలను చేర్చగానే అది గాజుపలక మీదే కురచబడింది. జీవం లేని దారం కండరంలా ముడుచుకున్నది!

1954లో ఒకే పత్రికాసంచికలో రెండు బృందాల వ్యాసాలు వెలువడ్డాయి. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్కె వ్రాసినది. రెండవది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ వ్రాసినది. హక్స్‌లీలు ఇద్దరికీ చుట్టరికం లేదు. రెండు బృందాలూ చెప్పింది ఒక్కటే. కండరం ముడుచుకునేటప్పుడు లోపలి తంతువులు కురచబడవు. సన్నని ఆక్టిన్ తంతువులు, లావైన మయోసిన్ తంతువుల నడుమకు జారుతాయి.

నూతిలోంచి చేద తోడేవారు తాడును ఒక చేత్తో లాగి, ఆ పట్టు వదిలి, మరికొంత ముందుకు పట్టుకుంటారు. మయోసిన్ తంతువు మీద వందలాది చిన్న తలలు ఆక్టిన్‌ను పట్టి లాగేది ఇలాగే. నాడి సంకేతం అందగానే కణంలో విడుదలయ్యే కాల్షియం, ఆక్టిన్ మీది పట్టుచోట్లను తెరుస్తుంది. ప్రతి తల పట్టు వదలడానికి ఒక ఏటీపీ అణువు కావాలి. అంటే కండరానికి శక్తి కావలసింది బిగియడానికే కాదు, సడలడానికి కూడా. మరణానంతరం దేహం కొయ్యబారడానికి కారణం ఇదే. ఏటీపీ తయారీ ఆగిపోయి, పట్టిన తలలు పట్టిన చోటనే ఉండిపోతాయి.

కండరంలో నిలువ ఉండే ఏటీపీ తీవ్రశ్రమకు కొద్ది సెకన్ల పాటే సరిపోతుంది. దానిని వెంటనే తిరిగి నింపేది ఫాస్ఫోక్రియాటిన్. అది కూడా సుమారు పది సెకన్లలో తరిగిపోతుంది. అటుపైన గ్లూకోజు, కొవ్వులు, ప్రాణవాయువు ఆ భారాన్ని మోస్తాయి.

మన రోజువారీ జీవితంలో

ఈ చరిత్ర ఫలితాలు మన వైద్యపరీక్షల కాగితాల మీద కనిపిస్తాయి. మూత్రపిండాల పనితీరుకు కొలిచే క్రియాటినిన్, కండరాలలోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ల నుంచి పుట్టే వ్యర్థపదార్థమే. కండ ఎక్కువ ఉన్నవారిలో అది కొంత ఎక్కువగాను, కండ తరిగిన వృద్ధులలో తక్కువగాను ఉంటుంది. అందువలన బక్కపలచని వృద్ధులలో క్రియాటినిన్ మామూలుగా కనిపించినా మూత్రపిండాల శక్తి తగ్గి ఉండవచ్చు. వయసును కూడా లెక్కలోకి తీసుకునే ఈజీఎఫ్ఆర్ విలువను వైద్యునితో చర్చించడం మంచిది. సీపీకే పరీక్ష కొలిచేది కూడా ఫాస్ఫోక్రియాటిన్‌కు సంబంధించిన ఎంజైమునే. కండరాలు దెబ్బతింటే అది రక్తంలో పెరుగుతుంది. మితిమీరిన వ్యాయామం తరువాత తీవ్రమైన నొప్పులతో మూత్రం ముదురు గోధుమరంగులో వస్తే ఆలస్యం చేయక ఆస్పత్రికి వెళ్లాలి.

వ్యాయామం చేసిన మరునాడు కలిగే ఒళ్లునొప్పులకు లాక్టిక్ ఆమ్లం పేరుకోవడమే కారణమని ఇప్పటికీ చాలామంది చెబుతుంటారు. శ్రమలో పుట్టిన లాక్టేట్ గంట, రెండు గంటలలో రక్తం నుంచి తొలగిపోతుంది. గుండె, ఇతర కండరాలు దానిని ఇంధనంగా వాడుకుంటాయి. మరునాటి నొప్పికి కారణం అలవాటు లేని శ్రమ వలన కండరపోగులలో ఏర్పడే సూక్ష్మమైన గాయాలు, వాటి వెంట వచ్చే తాపం. కొద్దిరోజులలో అది తగ్గుతుంది. ఆ నొప్పికి భయపడి వ్యాయామం మానివేయనక్కరలేదు. మోతాదు తగ్గించి, క్రమంగా పెంచుకోవాలి.

నడివయసు దాటాక కండ క్రమంగా తరుగుతుంది. జబ్బుపడి మంచాన ఉన్న వృద్ధులలో ఆ తరుగుదల మరింత వేగంగా జరుగుతుంది. కాని ఇది పూర్తిగా మన చేయి దాటిన విషయం కాదు. 1990లో బోస్టన్‌లో ఫియాటరోన్ బృందం వృద్ధాశ్రమంలోని తొంభై ఏళ్ల ప్రాంతపు వారితో ఎనిమిది వారాలు బరువులతో వ్యాయామం చేయించగా, వారి కాళ్ల బలం గణనీయంగా పెరిగింది. కాబట్టి ఇంట్లోని పెద్దవారిని పూర్తిగా కూర్చోబెట్టి సేవ చేయడమే ప్రేమ అనుకోవద్దు. వైద్యుని సలహాతో రోజూ కొంత నడవనివ్వండి. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం వంటివి, పక్కన ఒకరు ఉండగా చేయించండి. పప్పు, పెరుగు, గుడ్డు, చేప వంటి మాంసకృత్తులు గల ఆహారం వారి కంచంలో తగినంత ఉండేలా చూడండి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం మాంసకృత్తుల మోతాదును వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి.