సంపెంగ చెట్టుకు ఆకు రాలే కాలం: కారణాలు, గమనించవలసిన లక్షణాలు

ఈశాన్య రుతుపవనాలు వెనుదిరిగిన తరువాత పుదుచ్చేరిలో సుదీర్ఘమైన పొడి కాలం మొదలవుతుంది. ఎండలు ముదిరే వేళ పెరళ్లలోని సంపెంగ చెట్ల ఆకులు పసుపుబారి రాలితే, చెట్టు చనిపోతున్నదని పలువురు భయపడుతుంటారు. అయితే ఆకు రాలడమంతా తెగులు కాదు.

తమిళులు శెణ్బగం అని పిలిచే సంపెంగ, మాగ్నోలియా ప్రజాతికి చెందిన సతతహరిత వృక్షం. ఫ్రాన్స్‌లోని మోంపెల్యే నగరానికి చెందిన వృక్షశాస్త్రవేత్త పియర్ మాన్యోల్ (1638–1715) పేరు మీదుగా ఈ ప్రజాతికి ఆ పేరు వచ్చింది. పుదుచ్చేరిలో ఫ్రెంచి పాలకులు 1826లో వృక్షశాస్త్ర ఉద్యానాన్ని నెలకొల్పారు.

ఆకు ఎందుకు రాలుతుంది?

చైనా, జపాన్ దేశాల్లోని కొన్ని మాగ్నోలియాలు చలికాలంలో పూర్తిగా మోడువారుతాయి. సంపెంగ అలా కాదు. పాత ఆకులను విడుస్తూ కొత్త చిగుళ్లు తొడుగుతుంది. ముదిరిన ఆకులో ఆక్సిన్ అనే హార్మోను తగ్గి, ఇథిలీన్ ప్రభావం పెరుగుతుంది. కాడ మొదట్లోని కణాల పొర విడివడి ఆకు రాలుతుంది. అంతకుముందే నత్రజని, భాస్వరం వంటి పోషకాలలో కొంత భాగాన్ని చెట్టు వెనక్కి తీసుకుంటుంది. పత్రహరితం క్షీణించడంతో మరుగున ఉన్న పసుపు వర్ణం బయటపడుతుంది.

పశ్చిమ కనుమలు, ఈశాన్య భారతంలోని తేమ అడవులు సంపెంగకు సహజ ఆవాసాలు. అందువల్ల తీరప్రాంతపు పొడి కాలంలో నీరు చాలకపోతే ఆకులు మరింత ఎక్కువగా రాలవచ్చు.

ఎప్పుడు జాగ్రత్తపడాలి?

కొమ్మల లోపలి భాగంలోని పాత ఆకులు మాత్రమే పసుపుబారి, కొనలలో పచ్చని మొగ్గలు కనిపిస్తే ఆందోళన అక్కరలేదు. లేత ఆకులు వాడిపోవడం, అంచులు మాడడం, కొమ్మలు కొననుండి ఎండిపోవడం ప్రమాద సూచనలు. నీటి కొరత, నేలలోని ఉప్పదనం, వానాకాలంలో నీరు నిలిచి వేళ్లు కుళ్లడం ఇందుకు కారణాలు కావచ్చు. కొమ్మ బెరడును గోటితో కొద్దిగా గీరి చూసినప్పుడు లోపల పచ్చదనం ఉంటే ఆ కొమ్మ బతికి ఉన్నట్లే.

ఎండాకాలంలో వేళ్లకు లోతుగా తడి అందేలా నీరు పెట్టి, ఆరిన తరువాతే మళ్లీ పెట్టాలి. రాలిన ఆకులను తగులబెట్టకుండా, మొదలుకు తగలకుండా పాదులో పరచాలి. అవి తేమను నిలిపి, క్రమంగా ఎరువుగా మారుతాయి. కొత్త చిగుళ్లు వచ్చేవరకు వేచి చూడకుండా చెట్టును నరకడం తగదు.