చెన్నపురిలో నిలిచిపోయిన మనవారు

ఉగాదినాడు పంచాంగము విప్పి ఆదాయవ్యయములు వినుట మన ఆచారము. ఏ రాశివారికి ఎంత వచ్చునో, ఎంత పోవునో సిద్ధాంతిగారు చదువుచుండగా అందరము చెవులు రిక్కించి విందుము. చెన్నపురి తెలుగువారికందరికి కలిపి ఒకే రాశి అనుకొన్నచో, 2011 మొదలు 2020 వరకు గడచిన పది సంవత్సరములలో మన వ్యయము మిక్కిలి పెద్దది. ముళ్లపూడి వెంకటరమణగారు, వెంపటి చినసత్యంగారు, పి.బి. శ్రీనివాస్ గారు, మాలతీ చందూర్ గారు, అంజలీదేవిగారు, బాపుగారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు, గొల్లపూడి మారుతీరావుగారు, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు. ఒక్క దశాబ్దములో ఒక్క పట్టణము నుండి ఇందరు వెడలిపోయినారు.

వీరి జీవితచరిత్రలు పత్రికలలో వచ్చినవి. బిరుదులు, బహుమానములు అందరికి తెలిసినవే. వాటిని ఇచట మరల ఏకరువు పెట్టుట నా ఉద్దేశము కాదు. సంతాపసభలలో 'తీరని లోటు' అను మాట విని విని ఆ మాటకు అర్థమే పోయినది. లోటు ఏమిటో చెప్పవలెనన్నచో, వీరందరికి ఉమ్మడిగా ఉన్న ఒక సంగతిని చూడవలెను. వెళ్లిపోవుటకు దారి తెరచియున్నను వీరు ఈ ఊరు విడిచి పోలేదు.

మన పూర్వులకు ఆ ప్రశ్నయే లేదు. వారి కాలమున చెన్నపట్నము తెలుగువారికిని రాజధానియే. అందువలన వారు తమ గుర్తులను రాతితోను, ఇటుకతోను నిలుపుకొన్నారు. టి. నగర్ బస్సు ఎక్కువారు ఎందరు దినదినము పిట్టి త్యాగరాయశెట్టిగారి పేరు తెలియకయే పలుకుచున్నారో చూడుడు. ఆ పేటలోని పానగల్ పార్కు మనవారైన పానగల్లు రాజాగారి పేరిట వెలసినది. మైలాపూరు లజ్ వద్దగల ఉద్యానవనము కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిది. 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకులు ఒడంబడిక కుదుర్చుకొన్న శ్రీబాగ్ భవనము కూడ వారిదే. జార్జిటౌనులో కన్యకాపరమేశ్వరీ దేవస్థానము, దాని విద్యాలయములు, త్యాగరాయనగరులో కేసరిగారి పాఠశాల, దుర్గాబాయమ్మగారు 1937లో నాటిన ఆంధ్ర మహిళాసభ, ఇట్లు చెప్పుకొనిన జాబితా పెరుగును. ఆనాడు ఒక పెద్ద కన్నుమూసిన ఒక వీధికో, ఒక బడికో ఆయన పేరు ఉండెడిది. స్మరించుటకు వేరుగా ప్రయత్నము అక్కరలేకపోయెను.

1952 అక్టోబరు 19వ తేదీన మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇంట పొట్టి శ్రీరాములుగారు దీక్షకు కూర్చున్నారు. ఆయన పరదేశి కాదు, ఈ ఊరి బిడ్డ. 1901లో ఇక్కడనే పుట్టినవారు. డిసెంబరు 15 రాత్రి ప్రాణములు విడిచినారు. (బాపుగారు పుట్టినది 1933 డిసెంబరు 15. శ్రీరాములుగారు పోయిననాటికి ఆయనకు సరిగా పందొమ్మిది నిండినవి.) 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది, రాజధాని కర్నూలుకు పోయినది. దానితో దస్త్రములు, ఉద్యోగులు, శాసనసభ్యులు పోయినారు. తరువాత పత్రికలు కదలినవి. 1938లో ఇక్కడ పుట్టిన ఆంధ్రప్రభ 1959లో బెజవాడ చేరినది. అటుపిమ్మట సినిమా. అది ఒక్కసారిగా పోలేదు. ఒక నటుడు, ఒక స్టూడియో, ఒక ల్యాబొరేటరీ చొప్పున సుమారు ముప్పది ఏండ్లు పట్టినది. 1976లో హైదరాబాదున అన్నపూర్ణా స్టూడియో వెలసిననాడే ఆ గాలి ఎటు వీచుచున్నదో అందరికి తెలిసినది. ప్రతి తడవ ఈ ఊరి తెలుగు ఇండ్లలో ఒకటే సంభాషణ: "మీరెప్పుడు వెళుతున్నారు?"

ఈ ప్రశ్నకు వెంపటి చినసత్యంగారు ఇచ్చిన సమాధానము గమనింపదగినది. కూచిపూడి అగ్రహారమున 1929లో జన్మించి, ఇరువది ఏండ్లు నిండకముందే 1947లో చెన్నపట్నము చేరినారు. చేత పైకము లేక నడచి వచ్చినారని చెప్పుకొందురు. అన్నగారి వరుస అయిన వెంపటి పెదసత్యంగారు అప్పటికే ఇక్కడ సినిమాలలో నాట్యము కూర్చుచుండిరి; ఆయన వద్ద పనికి కుదిరినారు. కొంతకాలమునకు సినిమా పని చాలించి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించినారు. రాష్ట్రము వేరై అప్పటికి పది ఏండ్లు. కృష్ణాతీరపు కళను కృష్ణాతీరముననే పెంచవచ్చునుగదా అని ఎవరైనను అడుగవచ్చును. కాని కూచిపూడి భాగవతము నాటివరకు మగవారు స్త్రీవేషము కట్టి, ఊరి నడుమ పందిరిలో తెల్లవార్లు ఆడిన ఆట. దానిని రెండు మూడు గంటల రంగస్థల ప్రదర్శనముగా మలచి, ఆడపిల్లలకు విరివిగా నేర్పి, భరతనాట్యము చూచి కన్ను పదునెక్కిన సభలవారి ఎదుట నిలబెట్టి మెప్పించుటకు ఈ ఊరే తగినది. పోటీ ఉన్నచోటనే పట్టుదల పెరుగును. శ్రీకృష్ణపారిజాతము, క్షీరసాగరమథనము, పద్మావతీ శ్రీనివాసము, హరవిలాసము ఇట్లు ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. కొన్నింటికి మాట భుజంగరాయశర్మగారిది. పాటకు సాయము, ఘంటసాలవారి వద్ద ఏండ్ల తరబడి హార్మోనియం పట్టిన పట్రాయని సంగీతరావుగారిది. ఆ సంగీతరావుగారు కూడ నూరేండ్లకు కొద్ది నెలలు తక్కువగా 2020లో గతించినారు. అదే ఏడు సత్యభామగా పేరుగాంచిన శిష్యురాలు శోభానాయుడుగారును పోయినారు.

మాస్టరుగారి వద్ద నేర్చిన పిల్లలందరు తెలుగువారు కారు. అభినయము పట్టవలెనన్న పదమునకు అర్థము తెలియవలెను. 'భామనే' అని నోట అనుచు జడ విసరవలెను. ఆ విధముగా తెలుగు రాని ఇండ్లలోనికి తెలుగుమాట గజ్జెలతో నడచిపోయినది. 2012 జులై 29న మాస్టరుగారు కన్నుమూసినారు. తెలుగు బోధించుటకు మనము పెట్టిన సంఘములలో ఎన్ని ఆ పని అంతగా చేసినవో లెక్క చూచుకొనవలెను.

బాలమురళీకృష్ణగారి సంగతి ఇంకను చిత్రమైనది. ఆయన రాజధాని పోయిన తరువాత వచ్చినవారు. గోదావరి జిల్లా శంకరగుప్తమున 1930లో జన్మించి, బెజవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యులై, అక్కడి సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాలుగా ఉండి, ఆపైన చెన్నపట్నము చేరినారు. వారి గురుపరంపర చూడుడు. పంతులుగారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు. వారు తంజావూరు పోయి ఆకుమడుగుల మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారి వద్ద నేర్చినారు. వేంకటసుబ్బయ్యగారు సాక్షాత్తు త్యాగరాజస్వామి శిష్యులు. కావేరి ఒడ్డున పుట్టిన తెలుగుపాట కృష్ణ ఒడ్డునకు పోయి, రెండు తరములు అక్కడ నిలిచి, మరల తమిళదేశపు సభలకు తిరిగి వచ్చినది. వచ్చి ఊరకుండలేదు. డెబ్బదిరెండు మేళకర్తలలోను కృతులు రచించినారు. మహతి, లవంగి, సుముఖము వంటి కొత్త రాగములు కల్పించినారు. వాటిని గూర్చి పెద్దలలో వాదములు జరిగినవి. నా మట్టుకు ఆ వాదములే ఆయన ఇక్కడ ఉండుటవలని లాభములలో ఒకటి. వాదించుటకు సమానులు లేనిచోట విద్వాంసుడు ఒంటరివాడగును. మ్యూజిక్ అకాడమీ 1978లో ఆయనకు సంగీత కళానిధి ఇచ్చినది. 2016 నవంబరు 22న ఈ ఊరిలోనే తమ ఇంట పరమపదించినారు.

బాపురమణలను విడదీసి చెప్పుట ఎవరి తరమును కాదు. ఒకరిది నరసాపురము, ఒకరిది ధవళేశ్వరము. పిల్లతనమున ఈ పట్టణమున బడిలో కలిసినారు. ఆంధ్రపత్రికలో ఒకరు వ్రాయగా ఒకరు గీచినారు. 1967లో 'సాక్షి'తో సినిమాకు దిగినారు. రెండు కుటుంబములు ఒకే కప్పు క్రింద కాపురముండినవి. అన్నదమ్ములకే సాధ్యముకాని పని అది. సినిమా హైదరాబాదుకు తరలినను వారు తరలలేదు. వింతయేమనగా, ఇంతకాలము సముద్రపుటొడ్డున ఉండి వారు గీచినది, వ్రాసినది గోదావరినే. ఆ లంకలు, ఆ పడవలు, వాలుజడల ఆడపడుచులు, బుడుగు, సీగానపెసూనాంబ. ఊరికి దూరమైనవాడే ఊరిని అంత శ్రద్ధగా చూడగలడేమో. వలసవచ్చిన మనకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

రమణగారు 2011 ఫిబ్రవరి 24న పోయినారు. 1980లో దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు ఇదే పట్టణమున పోయినదియు ఫిబ్రవరి 24ననే. రమణగారు పోవుటకు ముందు 'కోతికొమ్మచ్చి' వ్రాసిపెట్టినారు కనుక ఆ కాలపు మదరాసు తెలుగు బతుకు, అద్దె ఇండ్లు, అప్పులు, పత్రికాఫీసులు మనకు మిగిలినవి. బాపుగారికి 2013లో పద్మశ్రీ వచ్చినప్పుడు జాబితాలో ఆయన రాష్ట్రము తమిళనాడు అని ఉన్నది. ఆంధ్రదేశమున కొందరు దీనికి నొచ్చుకొన్నారు. మనము నొచ్చుకొనవలసినది లేదు. ఆయన చిరునామా అదే. 2014 ఆగస్టు 31న రమణగారి వెనుకనే వెళ్లినారు.

మాలతీ చందూర్ గారు 1952లో ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనము' ఆరంభించినారు. పత్రిక బెజవాడ పోయినది, ఆమె పోలేదు; శీర్షిక మాత్రము నలుబది ఏండ్లకు పైగా నడచినది. అత్తగారి పోరునుండి ఆవకాయ పాళ్ల వరకు అడిగినవారికి అడిగినంత చెప్పినారు. కొత్తగా కాపురమునకు వచ్చి, ప్రక్కింటివారి భాష తెలియని కోడలికి ఆమె వంటల పుస్తకము పుట్టింటి మనిషి వంటిది. నవల 'హృదయనేత్రి'కి 1992లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. 2013 ఆగస్టులో కాలధర్మము చెందినారు.

అదే సంవత్సరము ఏప్రిల్ 14న కాకినాడవారైన శ్రీనివాస్ గారు పోయినారు. కన్నడిగులు ఆయనను తమవాడనుకొందురు, తమిళులును అట్లే; మనమే కొంత ఆలస్యముగా గుర్తించినాము. జేబునిండ రంగురంగుల కలములతో ఉడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్ లో కూర్చుండి పద్యములు వ్రాసికొనుచు ఉండెడివారు. 2008లో ఆ హోటలు మూతపడి, అచట ప్రభుత్వపు ఉద్యానవనము వచ్చినది.

అంజలీదేవిగారు 2014 జనవరిలో పోయినారు. 'లవకుశ' సీతమ్మను గూర్చి నేను క్రొత్తగా చెప్పునది లేదు. మారుతీరావుగారు, 1992లో చిత్రీకరణ చేయుచు సముద్రమున మునిగిపోయిన కుమారుడు శ్రీనివాస్ పేరిట, ఏ భాషలోనైనను తొలిచిత్రము తీసిన దర్శకునికి బహుమానము ఏర్పరచి, ఏటేట ఆగస్టు 12న ఈ నగరముననే ఇచ్చుచు వచ్చినారు. పుత్రశోకమును పరుల పిల్లలకు ప్రోత్సాహముగా మార్చిన ఆ తండ్రి 2019 డిసెంబరు 12న గతించినారు. బాలుగారు 2020 సెప్టెంబరు 25న, ఎవరును ఎవరి ఇంటికి పోరాని ఆ మహమ్మారి రోజులలో పోయినారు. తామరైపాక్కంలోని తమ తోటలో భూమిలో కలిసినారు. 2024లో తమిళనాడు ప్రభుత్వము నుంగంబాక్కములో ఆయన నివసించిన కాందార్ నగర్ వీధికి ఆయన పేరు పెట్టుచున్నట్లు ప్రకటించినది. త్యాగరాయశెట్టిగారి కాలము తరువాత మరల ఒక తెలుగువాని పేరు ఇక్కడి వీధి పలకపై చూచి సంతోషించినాము.

కాని తక్కినవారు విడిచిపోయినది వీధి కాదు, బడి కాదు. ఒక గీత, ఒక గొంతు, ఒక అడుగు, ఒక వంట, ఒక హాస్యపు మాట. రాయి తనంతట తాను నిలుచును. ఇవి ఎవరో ఒకరు చదువుచు, పాడుచు ఉన్నంతకాలమే నిలుచును. ఇక్కడనే చిక్కు వచ్చినది. 2006లో చేసిన చట్టము ప్రకారము తమిళనాట ఒకటవ తరగతి నుండి ఏటికొక తరగతి చొప్పున తమిళము తప్పనిసరియై, 2016 నాటికి పదవ తరగతి పరీక్షకు చేరినది. ఉన్న ఊరి భాష నేర్చుటకు మనకెన్నడును అభ్యంతరము లేదు. మన ఇండ్లలో తమిళము రానివారెవరు? తెలుగు బడుల పిల్లలు కోర్టులకు పోయి మినహాయింపులును తెచ్చుకొన్నారు. అయినను తెలుగు అక్షరము చదువలేని మనుమలు మన ఇండ్లలో పెరుగుచున్నారన్నది కాదనలేని మాట. తాతగారి ఉత్తరములు పెట్టెలో ఉన్నవి, చదువువారు లేరు.

ప్రసిద్ధులకు పత్రికలున్నవి. అచ్చాఫీసులలో తెలుగు అక్షరములు కూర్చిన కంపోజిటరు, వాద్యబృందములో మూడవ వరుస వయొలిన్ వాయించినవారు, బృందగానములో గొంతు కలిపిన అమ్మాయి, కార్పొరేషన్ బడి తెలుగు పంతులు, బ్రహ్మచారులకు అప్పుపద్దుపై పప్పు, గోంగూర వడ్డించిన మెస్సు యజమానురాలు, వీరును అదే దశాబ్దములో పోయినారు. చినసత్యంగారు చూచిన చెన్నపట్నమునే వీరును చూచినారు. వీరిని గూర్చి వ్రాయగలవారు వీరి పిల్లలు తప్ప మరెవరును లేరు.

కావున మన సంఘము ఒక పెద్ద పుస్తకము తెరచి ఉంచవలెనని కార్యవర్గమునకు నా మనవి. పోయినవారికొక పుట. గొప్పలు వలదు, పద్యములును వలదు. ఏ ఊరినుండి, ఏ సంవత్సరము వచ్చినారు, ఎవరిని నమ్ముకొని వచ్చినారు, ఏ పని చేసినారు, అందరు వెళ్లిపోయినను ఎందుకు నిలిచినారు. తెలుగు వ్రాయలేని పిల్లలు నోటితో చెప్పినను చాలును, మేమెవరమైనను వ్రాసికొందుము. మొట్టమొదట దిగిన వీధి, ఇంటి నంబరు తెలిసినచో అవియు చెప్పవలెను. ఆ ఇల్లు ఇప్పుడు లేకపోయినను సరే.