నిర్మాణ వృత్తుల తొలి శిక్షణ: తెలుగు నేలలో చరిత్ర

తాపీ పని, సెంట్రింగ్, చువ్వలు వంచడం, ప్లంబింగ్ వంటి పనుల్లోకి కొత్తగా వచ్చేవారికి పనిముట్లు, కొలతలు, సామగ్రి గుణం, భద్రత నేర్పే మొదటి దశే తొలి శిక్షణ. తెలుగు నేలలో ఇది తరతరాలుగా మేస్త్రీ చేతికిందే సాగింది. మేస్త్రీ అన్న మాట పోర్చుగీసు నుంచి వచ్చింది కానీ పద్ధతి అంతకన్నా పాతది. కుర్రవాడు ముందు తట్ట మోసేవాడు, తర్వాత మాలు కలిపేవాడు, కొన్నాళ్లకు తాపీ పట్టి నాలుగు ఇటుకలు పేర్చేవాడు. తూకం గుండు వదిలితే గోడ ఒరిగిందో లేదో అక్కడికక్కడే తేలిపోయేది. ఎద్దులు తిప్పే గానుగలో నలిగిన సున్నం నిదానంగా గట్టిపడుతుంది కనుక దిద్దుకునే వ్యవధి కూడా ఉండేది. తప్పు కంటికి కనబడే పని అది. చూసి నేర్చుకుంటే సరిపోయేది.

సిమెంటు, ఇనుము కలిసిన కాంక్రీటు వచ్చాక ఈ లెక్క మారింది. మాలు జారుగా ఉంటే పని సులువని కూలీ మరో బకెట్ నీళ్లు పోస్తాడు. స్లాబ్ నున్నగానే వస్తుంది, బలం మాత్రం తగ్గుతుంది. చువ్వల కింద చిన్న కవర్ బిళ్లలు పెట్టకపోతే ఆ రోజు ఎవరికీ తెలియదు. ఏళ్ల తర్వాత తుప్పు పట్టి పెచ్చులూడినప్పుడు తెలుస్తుంది. మామూలు సిమెంటుతో వేసిన కాంక్రీటును కనీసం 7 రోజులు తడిగా ఉంచాలని భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. ఎందుకో చెప్పేవారు లేని చోట మూడో రోజుకే నీళ్లు ఆగిపోతాయి. కాంక్రీటు తప్పును లోపల దాచుకుంటుంది కనుక, చేతికి పని నేర్పడంతో పాటు కారణం చెప్పే శిక్షణ తప్పనిసరైంది. ఈ రంగంలో తరగతి గది అవసరం ఇక్కడే పుట్టింది.

బడి లేకుండానే మహా కట్టడాలు లేచాయి కదా అనేవారున్నారు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్‌ను వారు చూపిస్తారు. ఆ మాటను తేలిగ్గా తీసిపారేయలేం. వేలాది శ్రామికుల చేతులే ఆ రాతి ఆనకట్టను నిలబెట్టాయి. అయితే రాయి పేర్చడం ఎరిగిన చేతులకు ఎరిగిన పనే దొరికింది, పైన ఇంజినీర్ల పర్యవేక్షణ ఉంది. పల్లెలో మూడు గదుల డాబా కట్టే మేస్త్రీ వెనుక ఆ అండ లేదు. శిక్షణ ఎక్కువ కావలసింది అతనికే.

చట్టాలు, సంస్థలు ఈ అవసరాన్ని ఆలస్యంగా అందుకున్నాయి. అనాథ, పేద పిల్లలకు పని నేర్పించడానికి 1850లోనే ఒక అప్రెంటిస్ చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత 1950లో మొదలైన చేతివృత్తుల శిక్షణ పథకం ఐటీఐలకు పునాది వేసింది. 1961 అప్రెంటిస్ చట్టం నేర్చుకునేవారికి స్టైపెండ్ హక్కు ఇచ్చింది. కానీ ఆ చట్టం సంస్థను చూసి రాసింది. ఇల్లు కట్టే కూలీ గుంపు మేస్త్రీ కింద ఉంటాడు, ఈ నెల ఒక చోట, వచ్చే నెల మరో చోట. ఆ ఖాళీని పూరించే ప్రయత్నాల్లో ముఖ్యమైనది 1998లో హైదరాబాద్‌లో ఏర్పడిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్. పెద్ద చదువు లేని యువతకు తాపీ పని, చువ్వల పని, ప్లంబింగ్, వైరింగ్ వంటివి స్వల్పకాలిక కోర్సుల్లో నేర్పిన సంస్థ ఇది. పనిలో నేర్చుకున్న నేర్పును పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి 2015 తర్వాత కేంద్ర నైపుణ్య పథకం ద్వారా విస్తరించింది.

రోజు కూలీ వదులుకుని తరగతికి ఎవరు వస్తారన్నది గట్టి అభ్యంతరం. నిజమే, పస్తులుండి ఎవరూ నేర్చుకోరు. అందుకే శిక్షణ పని చోటికే వెళ్లాలి, ఆ గంటలకు కూలీ దక్కాలి. మేస్త్రీని పక్కకు నెట్టాల్సిన పని లేదు, అతనికే ముందు నేర్పితే చాలు. స్త్రీల విషయంలో మాత్రం పాత పద్ధతి అన్యాయం చేసింది: మగవాడికి తట్ట తొలి మెట్టయితే, ఆడవారికి జీవితాంతం అదే పని. తాపీ వారి చేతికి ఇచ్చే బాధ్యతను శిక్షణా సంస్థలే తీసుకోవాలి. 1996 చట్టంతో మొదలైన 1 శాతం సెస్సు నిర్మాణ వ్యయంపై కార్మికుల సంక్షేమానికే వసూలవుతోంది. పని నేర్పడాన్ని మించిన సంక్షేమం లేదు కనుక ఆ నిధిలో శిక్షణకు స్థిరమైన వాటా ఉండాలి.