పొరల పానీయము

హైదరాబాదున పంజాగుట్ట ప్రాంతమున ఇఱ్ఱం మంజిల్ అను పాత మేడ కలదు. దానిని నవాబు ఫక్రుల్ ముల్కు 1870 ప్రాంతమున గట్టించెను. ఆ దిబ్బను జనులు ఎఱ్ఱగడ్డ యనుచుండిరనియు, నవాబుగారు ఆ ఎఱ్ఱను పారసీకమున స్వర్గవనమునకు పేరైన ఇరముతో జోడించి మేడకు పేరుంచిరనియు పెద్దలు చెప్పుదురు. తెలుగు మట్టిమీద పారసీక స్వర్గము! ఆ మేడ విందులకు పేరుగాంచినది.

విందుల ముచ్చట నేడును ఆ చుట్టుపట్ల తగ్గలేదు. రోగిని నిమ్సు వైద్యశాలకు గొనివచ్చినవారును, పిల్లలను అమీరుపేట శిక్షణాలయములలో జేర్ప వచ్చినవారును అచ్చటి హోటళ్లలో నొక వింత చూచియుందురు. ఒకే గాజుగ్లాసులో అడుగున ఎఱుపు, నడుమ ఆకుపచ్చ, పైన తేనెరంగు, గీత గీచినట్లు వేఱువేఱుగ నిలిచియుండును. ఇది ఇంద్రజాలము గాదు, తూకపు రహస్యము.

ఈ వేడుక పాశ్చాత్యులది. ఫ్రెంచివారు భోజనానంతరమున కాఫీ త్రాగి, దానిపై నొక చిన్నగ్లాసెడు తీయని మద్యము పుచ్చుకొనెడివారు. దానికి పూస్ కఫే యని పేరు. కాఫీని లోనికి ద్రోయునది యని యర్థము. అమెరికాలో జెరీ థామస్ అనునతడు 1862లో మద్యమిశ్రణములపై ప్రకటించిన గ్రంథమున దీని పాకవిధానములు గలవు. మన దేశమునను మద్యభేదములను గూర్చిన శాస్త్రము ప్రాచీనమే. కౌటిల్యుడు సురాధ్యక్షుని ప్రకరణమున మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని యాఱింటిని పేర్కొనెను. కాని రంగులు పొరలుగా నిలుపు ముచ్చట యందు లేదు.

చేయు విధ మిట్టిది. ఒక గిన్నెడు నీరు 1000 తులములు తూగినచో, అదే గిన్నెడు సరిపాళ్ల చక్కెరపాకము సుమారు 1230 తులములు తూగును. శుద్ధసారము 790 మాత్రమే. నూటికి 40 పాళ్లు సారముగల బ్రాందీ 950 ప్రాంతమున నుండును. కావున చక్కెర మిక్కిలిగా నున్న దానిమ్మపాకమును ముందు పోయుదురు. పిదప దానికంటె తేలికయైన పుదీనా మద్యమును, అన్నిటికిని మీద బ్రాందీని పోయుదురు. చెంచాను బోరగించి గ్లాసు అంచునకు ఆనించి, దాని వీపుమీదుగా సన్నని ధారగా జార్చవలెను. ధార వేగముగ పడినచో, లేదా వరుస తప్పినచో, అంతయు కలగాపులగమై బురదరంగు దేలును. పేర్లు మాత్రము బుద్ధికి తోచినట్లు పెట్టుదురు. వానితో మనకు పనిలేదు.

ఈ తూకపు రహస్యమే ఆబ్కారీవారికి ఆయుధమైనది. ఇంగ్లాండున సైక్సు అను నుద్యోగి పేర నున్న లోహపు తేలుడుబుడ్డి 1816లో చట్టసమ్మతమయ్యెను. మన ఆబ్కారీ శాఖలును దానిని వాడినవి. ఘాటు హెచ్చినకొలది బుడ్డి లోతుగా మునుగును, నీరు హెచ్చిన పైకి తేలును. నైజాం రాష్ట్రమున ఆబ్కారీ ప్రధానాదాయములలో నొకటి గనుక కల్లుచెట్టు మొదలు సారాకుండ వఱకు కొలతలే కొలతలు. అయితే ఆ బుడ్డికి నొక లోపము గలదు. సారాలో చక్కెర కలిపినచో ద్రవము బరువెక్కి బుడ్డి పైకి తేలును. ఘాటైన సరకు పలుచనిదిగా గనబడును. అందువలన తీయని మద్యమును మరల బట్టీపెట్టి, చక్కెరను వేఱుచేసిన పిదపనే కొలుచుదురు.

మన నాలుకకు మాత్ర మట్టి బట్టీ లేదు. నాటుసారా గొంతు మండించి తన రాకను తానే చాటుకొనెడిది. ఈ రంగుల గ్లాసు షర్బతువలె జాఱును. ఎంత సారము లోనికి పోయినదో త్రాగినవానికి వెంటనే తెలియదు. పట్టణమునకు క్రొత్తగా వచ్చిన పిల్లవానికి ఎచ్చరిక ఈయవలసినది ఇచ్చటనే యని నా యభిప్రాయము. తెలంగాణమున 21 ఏండ్లు నిండనివారికి మద్య మమ్మరాదని చట్టము గలదు. రంగు జూచి మోసపోవద్దని చెప్పు చట్టము లేదు.

మద్యముతో మనవారి పోరాటము పాతది. మదరాసు రాష్ట్రమున 1937 అక్టోబరు 1న సేలము జిల్లాలో నిషేధ మారంభమై, మరుసటి యేడు చిత్తూరు, కడపలకు వ్యాపించెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేచిరి. అక్షరములు నేర్చుకొనుచున్న కూలితల్లులు వారు. 1993 అక్టోబరు 1 నుండి సారా నిలిచిపోయెను. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధము వచ్చి, 1997లో సడలిపోయెను. సారా పోయినది గాని సీసాల మద్యము తిరిగి వచ్చినది. దాని మెఱుగే ఈ రంగులు.

పొరల వేడుకకు మద్యమే యక్కరలేదు. పారసీకుల పాలూదా మన నగరమున ఫాలూదాయై చిరకాలముగ నిలిచియున్నది. అడుగున గులాబిపాకము, దానిపై నానిన సబ్జాగింజలు, సేమ్యా, ఆపై చల్లని పాలు. పాల తూకము 1030 ప్రాంతమే గనుక చిక్కని పాకము అడుగునే యుండును. పాలను చెంచా వీపుమీదుగా మెల్లగా జార్చిన ఎఱుపు, తెలుపు విడివిడిగ నిలుచును. ఒకమాఱు త్రిప్పినంతట అంతయు లేతగులాబియై కలిసిపోవును. నూనె నీళ్లవలె ఎంతసేపుంచినను మరల విడిపోదు.