పుల్లరి నుంచి వన సంరక్షణ సమితి దాకా: పల్నాటిలో ప్రకృతివనరుల రక్షణ, గ్రామ భాగస్వామ్యం

వ్యాససంగ్రహం

పల్నాటిలో అడవి, నీరు, నేల రక్షణకు సంబంధించి గ్రామానికి ప్రభుత్వాలు ఇచ్చిన స్థానం గత శతాబ్దిన్నర కాలంలో ఎలా మారుతూ వచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1882 నాటి మద్రాసు అటవీచట్టం, 1921-22 పుల్లరి సత్యాగ్రహం, 1992 తరువాతి వన సంరక్షణ సమితులు, 1997 నాటి నీటి సంఘాల చట్టం ఈ పరిశీలనకు ఆధారం. కాపలా బాధ్యత గ్రామానికి చేరినంత సులభంగా నిర్ణయాధికారం చేరలేదన్నది ఇక్కడి ప్రతిపాదన.

కీలకపదాలు: పల్నాడు, పుల్లరి, అటవీ పంచాయతీలు, వన సంరక్షణ సమితి, నీటి వినియోగదారుల సంఘం, పిడుగురాళ్ల

పుల్లరి: ఒక మాట, రెండు అర్థాలు

పుల్లు అంటే గడ్డి, అరి అంటే పన్ను. పశువుల మేతకు చెల్లించే పుల్లరి బ్రిటిషు పాలకులు కొత్తగా కల్పించిన మాట కాదు; విజయనగరకాలపు శాసనాలలోనే కనిపిస్తుంది. కాబట్టి 1921లో పల్నాటి రైతు ఎదురుతిరిగింది పన్ను అనే భావనకేనని అనుకుంటే ఆ ఉద్యమస్వభావం అర్థం కాదు. పాత పుల్లరి గడ్డికి కట్టిన వెల. అటవీచట్టం తరువాతి పుల్లరి అడవిలో అడుగుపెట్టడానికి కట్టిన రుసుము. మొదటిదానిలో అడవి ఊరిదే, రాజుకు అందులో భాగం ఉంది. రెండవదానిలో అడవి ప్రభుత్వానిది, ఊరికి అందులో అనుమతి మాత్రమే ఉంది.

ఈ తేడా పల్నాటిలో ఎందుకంత తీవ్రంగా తగిలిందో తెలియాలంటే ఆ సీమ నైసర్గిక స్వరూపం గుర్తుచేసుకోవాలి. ఉత్తరాన కృష్ణ పారుతున్నా ఆ నీరు పొలానికెక్కదు. పడమటి వైపు నల్లమల కొండలు. నాగార్జునసాగర్ కాలువలు రాకముందు జొన్న, సజ్జ పండే మెట్టనేల ఇది. శ్రీనాథుని పేరిట ప్రచారంలో ఉన్న చాటుపద్యం ఇక్కడి రాళ్లను, కూటిని, నాగులేటి నీటిని కలిపి ఎగతాళి చేసింది. మాగాణి రుచి మరిగిన కవికి అది వేళాకోళం కావచ్చు గాని, వాన తప్పితే పంట తప్పే చోట పశువే రైతుకు రెండో పంట. ఆ పశువుకు మేత, నాగలికి కర్ర, పొయ్యికి వంటచెరకు అడవి నుంచే రావాలి.

మద్రాసు అటవీచట్టంలో పోయిన హక్కు

మద్రాసు రాష్ట్రంలో అటవీచట్టం రావడానికి ముందు ప్రభుత్వంలోనే పెద్ద వాదం నడిచింది. 1870లలో అటవీశాఖ తెచ్చిన ప్రతిపాదనలను మద్రాసు రెవెన్యూ బోర్డు వ్యతిరేకించింది. రాష్ట్రంలో గ్రామాలకు ఏదో ఒక సామూహిక హక్కు లేని అడవి దాదాపు లేదన్నది బోర్డు వాదన. తక్కిన బ్రిటిషు ఇండియాలో 1878 అటవీచట్టం అమలైనా మద్రాసు దాన్ని వెంటనే స్వీకరించకపోవడానికి ఇదే ముఖ్యకారణం. చివరకు 1882లో మద్రాసు తన సొంత చట్టం చేసుకుంది. దేశపు మొదటి అటవీ ఇన్‌స్పెక్టర్ జనరల్, జర్మనీ దేశస్థుడు డీట్రిక్ బ్రాండిస్ ఆ సంవత్సరాలలోనే మద్రాసులో పర్యటించి, 1883 నివేదికలో గ్రామాల అవసరాలకు గ్రామ అడవులను ప్రత్యేకంగా ఏర్పరచాలని సూచించాడు. ఆ సూచన అమలుకు నోచుకోలేదు. రిజర్వు అడవుల హద్దులు మాత్రం ఊరి పొలిమేరల దాకా వచ్చాయి.

ఆంధ్రదేశపు అడవుల మీద పరిశోధన చేసిన అట్లూరి మురళి వంటి చరిత్రకారులు ఈ దశలో వచ్చిన మార్పును గ్రామాచారానికీ ప్రభుత్వచట్టానికీ మధ్య సంఘర్షణగా వివరించారు. ఆ సంఘర్షణ రోజువారీ జీవితంలో కనిపించిన చోటు బందెలదొడ్డి. హద్దు దాటిన పశువును తోలుకుపోయి కట్టేస్తారు. విడిపించుకోవడానికి రుసుము కట్టాలి. హద్దురాయి ఎక్కడుందో పశువుకు తెలియదు. కాపరికీ చాలాసార్లు తెలియదు. తెలిసిన ఒక్కడు ఫారెస్టు గార్డు. అందుకే ఆ చిన్న ఉద్యోగి చేతిలో పెద్ద అధికారం చేరింది.

ఈ అసంతృప్తిని ప్రభుత్వం గుర్తించలేదని చెప్పడం న్యాయం కాదు. 1912లో నియమించిన మద్రాసు అటవీ కమిటీ 1913లో నివేదిక ఇస్తూ, ప్రధానంగా స్థానిక అవసరాలు తీర్చే అడవులను గ్రామ పంచాయతీల నిర్వహణకు అప్పగించాలని సిఫారసు చేసింది. అటవీ పంచాయతీలు అలా ఆరంభమయ్యాయి. నేడు 'భాగస్వామ్యం' అని పిలుస్తున్నదానికి తెలుగు ప్రాంతాలలో తొలి ప్రభుత్వరూపం ఇదే. అయితే ఆ అప్పగింతలో ఒక మెలిక ఉంది. కలప విలువ గల అడవి శాఖ దగ్గరే ఉండిపోతుంది. మేతకూ పుల్లలకూ తప్ప పనికిరాని చిట్టడవి పంచాయతీకి వస్తుంది. ఆదాయం వచ్చే చోట భాగస్వామ్యం లేదు, ఖర్చు పెట్టవలసిన చోట ఉంది.

1921-22

పల్నాటి పుల్లరి సత్యాగ్రహాన్ని సాధారణంగా సహాయనిరాకరణోద్యమంలో ఒక అధ్యాయంగా చదువుతారు. చీరాల-పేరాల, పెదనందిపాడు సరసన దాన్ని నిలపడం సమంజసమే. కాని వనరుల చరిత్రగా చదివితే మరొక విషయం బయటపడుతుంది. 1921లో పల్నాటి గ్రామాలు అటవీ, రెవెన్యూ ఉద్యోగులను సంఘబహిష్కారం చేశాయి. సరుకులు అమ్మలేదు, క్షురకులు, రజకులు సేవలు చేయలేదు. ఆ తరువాత అనుమతి చీటీలు లేకుండా పశువులను అడవిలోకి తోలారు. ఊరంతా ఒక కట్టుబాటు మీద నిలవగలదని, తప్పినవారిని ఊరే అదుపు చేయగలదని ఈ బహిష్కారం చూపింది. అడవిని కాపాడటానికి గ్రామంలో ఏ శక్తి కావాలని అటవీ కమిటీ కోరుకుందో, ఆ శక్తే ప్రభుత్వానికి ఎదురుగా నిలిచింది.

పరిస్థితిని విచారించడానికి జిల్లా కాంగ్రెస్ తరఫున వెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణ, మాడభూషి వేదాంతం నరసింహాచారి అరెస్టై శిక్షకు గురయ్యారు. ఉన్నవ 'మాలపల్లి' రాసింది ఆ జైలు రోజులలోనే. తెలుగు నవలాచరిత్రలో ఇంత ప్రధానమైన రచనకు ఒక మేతపన్ను ఉద్యమం నేపథ్యం కావడం సాహిత్యవిమర్శలో ఇంకా తగినంత చర్చకు రాలేదు.

1922 ఫిబ్రవరిలో, చౌరీచౌరా ఘటన తరువాత గాంధీజీ శాసనోల్లంఘనను నిలిపివేశారు. పల్నాటిలో ఉద్యమం వెంటనే ఆగలేదు. మించాలపాడు నాయకుడు కన్నెగంటి హనుమంతు ఆ నెలలోనే, నిలుపుదల నిర్ణయం వెలువడిన తరువాత, పోలీసు కాల్పులలో మరణించాడు. జాతీయ ఉద్యమపు కాలరేఖకూ పల్నాటి పోరాటపు కాలరేఖకూ మధ్య ఉన్న ఈ ఎడం యాదృచ్ఛికం కాదు. పుల్లరి బాధ స్వరాజ్యనినాదంతో మొదలు కాలేదు; దానితో ముగియనూ లేదు.

అదే 1921లో హిమాలయ పాదంలోని కుమాఊఁలో గ్రామస్థులు రిజర్వు అడవులకు నిప్పుపెట్టారు. అక్కడి ప్రభుత్వం ఫిర్యాదుల కమిటీ వేసింది; 1931లో వన పంచాయతీల నిబంధనలు వచ్చాయి. ఆ వన పంచాయతీలు ఎన్నో మార్పులకు లోనైనా ఈనాటికీ మిగిలాయి. మద్రాసు అటవీ పంచాయతీలకు ఆ దీర్ఘాయువు దక్కలేదు. స్వాతంత్ర్యానంతరం రాష్ట్రం తెచ్చిన 1967 అటవీచట్టంలోనూ రిజర్వు అడవే కేంద్రం.

సమితులు, సంఘాలు

1988 జాతీయ అటవీవిధానం, 1990 జూన్ నాటి కేంద్ర మార్గదర్శకాల వెనుకనే 1992లో ఆంధ్రప్రదేశ్ ఉమ్మడి అటవీ యాజమాన్యాన్ని ఆరంభించింది. వన సంరక్షణ సమితులు అప్పుడే పుట్టాయి. కుటుంబానికి ఒక పురుషుడు, ఒక స్త్రీ సభ్యులుగా ఉండాలన్న నియమం మునుపటి ఏ అటవీ పంచాయతీలోనూ ఊహించనిది. వంటచెరకు మోసేది ఎవరో గుర్తించిన నియమం అది. 2002లో ఈ కార్యక్రమమే సాముదాయిక అటవీ యాజమాన్యంగా పేరు మార్చుకుంది.

పేరు మారినా ఆ సమితికి పునాది ప్రభుత్వ ఉత్తర్వే. శాసనసభ చేసిన చట్టం కాదు. సమితిని రద్దుచేసే అధికారం శాఖ చేతిలోనే ఉంది. మొక్కలు నాటడం, కందకాలు తవ్వడం, నిప్పు రాకుండా చూడటం వంటి పనులన్నీ నిధులున్నంతకాలం సాగాయి. ప్రాజెక్టు ముగిశాక చాలాచోట్ల సమితి కాగితం మీద మిగిలింది. ప్రజలకు ఉత్సాహం తగ్గిందని దీనికి తరచుగా చెప్పే కారణం. ఇది సరిపోదు. కూలి ఆగిన తరువాత కూడా కాపలా కాయాలంటే కాసేవాడికి ఆ అడవి మీద చట్టం ఒప్పుకునే హక్కు ఉండాలి. 2006 అటవీహక్కుల చట్టం సామూహిక వనరుల మీద అలాంటి హక్కును గుర్తించింది గాని, ఆదివాసేతర గ్రామాలు 75 ఏళ్ల నివాసాన్ని రుజువు చేసుకోవాలి. 1921లో పుల్లరి కట్టనన్న రైతుల మనుమలకు ఆ రుజువు తాతల మీద పెట్టిన కేసుల కాగితాలలో దొరకవచ్చునన్నది చరిత్రలోని ఒక విడ్డూరం.

నల్లమలలో ఈ ప్రశ్న మరింత సూటిగా ఎదురవుతుంది. 1978లో అభయారణ్యంగా, 1983లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించిన నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి పల్నాడు, ప్రకాశం సీమలను కూడా తాకుతుంది. అక్కడ పులి జాడ పట్టడంలో చెంచులను మించినవారు లేరు. అటవీశాఖ వారిని కాపలాదారులుగా నియమించింది, వారి సాయంతోనే పులులను లెక్కిస్తోంది. చెంచుల జ్ఞానం సంరక్షణకు మూలధనమే, కాని వారికి ముట్టేది దినకూలి.

నీటి విషయంలో రాష్ట్రం ఇంకొంచెం ముందుకు వెళ్లింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టులో నీరు వదిలారు. 203 కిలోమీటర్ల కుడికాలువ (జవహర్ కాలువ) పల్నాటి మెట్టను పత్తి, మిరప పొలాలుగా మార్చింది. కాలువ ఎగువన పల్నాడు, దిగువన ప్రకాశం. నీరు చివరి మడికి చేరదన్న తగాదా కాలువంత పాతది. ఇంతకు ముందు చెరువుల కాలంలో పూడిక తీయడం ఊరి ఆచారం. 1858లో మద్రాసు ప్రభుత్వం కుడిమరామత్తును నిర్బంధశ్రమ చట్టంగా మార్చి ఆ ఆచారాన్ని శిక్షతో ముడిపెట్టింది. 1997 చట్టం దీనికి భిన్నమైనది. కాలువ కింది రైతులకు ఎన్నికైన సంఘాలు, వాటికి చట్టబద్ధత, నీటితీరువాలో వాటా ఇచ్చింది. రాష్ట్రవ్యాప్తంగా 10,292 నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. మైనరు కాలువ మరమ్మతు, తూము బాగుచేయడం వంటివి సంఘం చేయగలదు. ఆనకట్ట దగ్గర గేటు ఎప్పుడెత్తాలన్నది దాని చేతిలో లేదు.

ఈ సందర్భంలో పొరుగునున్న ప్రకాశం జిల్లా సహా ఏడు జిల్లాలలో, 600లకు పైగా గ్రామాలలో జరిగిన భూగర్భజల ప్రయోగాన్ని ప్రత్యేకంగా పేర్కొనాలి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో 2000ల దశకంలో నడిచిన ఈ కార్యక్రమంలో రైతులే వర్షమాపకాలు చూశారు, బావులలో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని పంట నీటి బడ్జెట్ వేసుకున్నారు. బోరు వేయవద్దని గాని, వరి వేయవద్దని గాని నిషేధం లేదు. నీళ్లు ఎన్ని ఉన్నాయో గోడమీద రాసిన తరువాత ఏ పంట వేయాలో రైతు తానే నిర్ణయించుకున్నాడు. పైన చూసిన ఏర్పాట్లన్నిటిలో లెక్క అధికారి దగ్గర, శ్రమ ఊరి దగ్గర ఉంది. ఇందులో లెక్క కూడా ఊరికే చేరింది. ఈ ఒక్క కారణం చేత, చట్టబలం లేకపోయినా, 1913 నుంచి వచ్చిన భాగస్వామ్యాలన్నిటిలో దీనిని మేలైనదిగా పరిగణించవచ్చు.

రాయి

గుంటూరు, సత్తెనపల్లి నుంచి గురజాల, మాచర్లలకు పోయే దారిలో ఉన్న పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరుపొందింది. చాటుపద్యం హేళన చేసిన రాతినేలే ఈ పట్టణానికి సిరి. అడవికి సమితి, కాలువకు సంఘం ఉన్న ఈ ప్రాంతంలో సున్నపురాతి క్వారీకి మాత్రం అలాంటిదేదీ లేదు. రాయి సిమెంటు కర్మాగారానికి పోతే ప్రధాన ఖనిజం. ఇల్లు కట్టే సున్నం కోసం బట్టీకి పోతే చిన్నతరహా ఖనిజం. మొదటిదానికి కేంద్రం నిబంధనలు, రెండవదానికి రాష్ట్రం నిబంధనలు. ఈ విభజనలో గ్రామసభ సమ్మతికి తావు లేదు. షెడ్యూల్డు ప్రాంతం కానందున పంచాయతీల విస్తరణ చట్టమూ ఇక్కడ వర్తించదు. పిడుగురాళ్ల, దాచేపల్లి పరిసరాల అక్రమ తవ్వకాల వివాదం హైకోర్టు దాకా వెళ్లింది.

పెద్ద లీజులకు 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం బహిరంగ విచారణ జరపాలి. దానికి జిల్లా కలెక్టరు గాని ఆయన నియమించిన అధికారి గాని అధ్యక్షత వహిస్తారు. వచ్చినవారి అభిప్రాయాలు నమోదవుతాయి, నమోదైన ప్రతి పైకి వెళుతుంది. ఆ అభిప్రాయాలకు కట్టుబడాలన్న నియమం లేదు.