గోదావరి లోయలో కొండరెడ్ల పల్లె: జీవనం, ఆస్తి, ప్రయాణం

వ్యాస సంగ్రహం:
పాపికొండల నడుమ గోదావరికి ఇరువైపులా నివసించే కొండరెడ్లకు ఆస్తి అనే భావనే లేదని, వారు నిలకడ లేని పోడు వ్యవసాయదారులని వలసపాలన నాటి రెవెన్యూ, అటవీ యంత్రాంగాలు భావించాయి. ఆ తరువాతి పాలనలోనూ ఆ భావన చాలాకాలం కొనసాగింది. 1941లో ఈ ప్రాంతంలో క్షేత్ర పరిశోధన చేసిన క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ రచనను, 1879 రంప తిరుగుబాటు చరిత్రను, భూబదలాయింపు చట్టాల క్రమాన్ని కలిపి చదివినప్పుడు మరో చిత్రం కనిపిస్తుంది. కొండరెడ్ల పల్లెలో ఆస్తి లేకపోలేదు. అది పలు పొరలుగా ఉండేది. ప్రయాణించే స్వేచ్ఛ కూడా ఆ ఆస్తిలో భాగమే. పోలవరం ముంపు నేపథ్యంలో ఈ చారిత్రక అవగాహనకు గల ప్రాధాన్యాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: కొండరెడ్లు, పోడు, జీలుగు, చిగురుపన్ను, హైమన్‌డార్ఫ్, భూబదలాయింపు, పోలవరం

1. ప్రవేశిక

తెలుగు మాతృభాషగా గల గిరిజన సమాజాల్లో కొండరెడ్లు ముఖ్యులు. తూర్పు కనుమలను చీల్చుకుంటూ గోదావరి ప్రవహించే ఇరుకైన లోయకు రెండు పక్కలా వీరి పల్లెలు ఉన్నాయి. నిజాం పాలనలో పడమటి గట్టు హైదరాబాదు రాజ్యంలోని పాల్వంచ తాలూకాకు చెందగా, తూర్పు గట్టు మద్రాసు రాష్ట్రపు ఏజెన్సీలో ఉండేది. అలా ఒకే జనం, ఒకే భాష, ఒకే ఇంటిపేర్లు గల బంధువర్గం నది మధ్యగా గీసిన సరిహద్దు వల్ల రెండు పాలనల కింద ఉండవలసి వచ్చింది.

ఈ సమాజాన్ని మొదటిసారి సమగ్రంగా అధ్యయనం చేసినవారు వియన్నాలో జన్మించిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ (1909-1995). 1939లో రెండో ప్రపంచయుద్ధం ఆరంభమయ్యేనాటికి ఆయన భారతదేశంలో ఉన్నారు. జర్మన్ పాస్‌పోర్టు కలిగి ఉన్నందున శత్రుదేశీయుడిగా పరిగణన పొంది, హైదరాబాదు రాజ్యానికి పరిమితం కావలసి వచ్చింది. ఆ నిర్బంధమే తెలుగునాట గిరిజన అధ్యయనాలకు వరమైంది. భార్య బెట్టీతో కలిసి ఆయన మొదట చెంచులను, తరువాత 1941లో కొండరెడ్లను, ఆపై ఆదిలాబాదు గోండులను పరిశీలించారు. ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ 1945లో లండన్‌లో వెలువడింది. అదే ఏడాది నిజాం ప్రభుత్వానికి సమర్పించిన నాలుగు నివేదికలు ‘ట్రైబల్ హైదరాబాద్’ పేరుతో అచ్చయ్యాయి. అనంతరం ఆయన ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు. కనుక కొండరెడ్ల పల్లె చరిత్ర ఉస్మానియా విద్యాచరిత్రలో కూడా ఒక భాగమే.

2. పల్లె జీవనం

కొండరెడ్ల నివాసాలను స్థూలంగా రెండు రకాలుగా చూడవచ్చు. ఒకటి, కొండల మీద నాలుగైదు ఇళ్ల నుంచి పది పదిహేను ఇళ్ల దాకా చెదురుమదురుగా ఉండే పల్లె. రెండోది, నది ఒడ్డున కలప, వెదురు వ్యాపారపు ఒత్తిడి కింద ఏర్పడిన పల్లె. వెదురు తడకలు, మట్టిపూత, గడ్డికప్పు గల ఇల్లు రెండు చోట్లా ఒకటే. జీవనాధారం మాత్రం వేరు.

కొండ పల్లెకు ఆధారం పోడు. చలికాలం చివర చెట్లు నరికి, ఎండలకు ఆరనిచ్చి, తొలకరికి ముందు కాల్చి, ఆ బూడిద నేలలో విత్తనం వేస్తారు. నిట్టనిలువు వాలులో చేసేది కొండపోడు, చదునైన నేలలో చేసేది చెలకపోడు. కొండపోడుకు నాగలి పనికిరాదు. తవ్వుకర్రతో గుంటలు చేసి విత్తుతారు. ఒకే చేనులో జొన్న, సామ, కొర్ర, కంది, గుమ్మడి, చిక్కుడు కలిసి పెరుగుతాయి. ఒక పంట పోయినా మరొకటి దక్కుతుందన్న లెక్క ఇందులో ఉంది. రెండు మూడేళ్ల తరువాత ఆ నేలను వదిలి మరోచోటికి వెళతారు. వదిలిన నేలలో అడవి మళ్లీ పెరుగుతుంది.

పంట గింజలు ఏడాది పొడవునా సరిపోవు. ఎండాకాలం నుంచి కొత్త పంట చేతికొచ్చేదాకా అడవి దుంపలు, మామిడి టెంకల జీడితో చేసిన అంబలి, జీలుగుచెట్టు మానులోని గుజ్జు ఆకలి తీరుస్తాయి. జీలుగు కల్లు పానీయం మాత్రమే కాదు, ఆ నెలల్లో ఆహారం కూడా. ఈ చెట్టుకున్న విలువ తెలియకుండా కొండరెడ్ల ఆస్తి భావనను అర్థం చేసుకోవడం సాధ్యం కాదు.

3. ఆస్తి: నాలుగు పొరలు

రెవెన్యూ దృష్టిలో ఆస్తి అంటే హద్దులు కొలిచి, ఒక పేరున రాసి, శిస్తు నిర్ణయించిన భూమి. ఆ కొలతతో చూస్తే కొండ పల్లెలో ఆస్తి లేదు. పల్లె కొలతతో చూస్తే నాలుగు పొరలు కనిపిస్తాయి.

మొదటిది, పల్లె ఎల్ల. ఏ కొండవాలు, ఏ వాగు ఏ పల్లెకు చెందుతుందో చుట్టుపక్కల అందరికీ తెలుసు. పల్లెకు పెద్దకాపు ఉంటాడు; భూదేవికి జరిపే కొలుపుల్లో ఆయనే ముందు నిలుస్తాడు. ఇక్కడ నేలతో సంబంధం మొదట కొలుపు సంబంధం, తరువాతే అనుభోగ సంబంధం.

రెండోది, పోడు చేను. నేల ఎవరి సొంతమూ కాదు, కాని నరికి కాల్చిన శ్రమ ఒక ఇంటిది. ఆ శ్రమ ఫలించినంతకాలం చేను ఆ ఇంటిదే. ఇది యాజమాన్యం కాదు, శ్రమ వల్ల కలిగే అనుభవ హక్కు.

మూడోది, చెట్టు. నేల ఉమ్మడిదైనా జీలుగుచెట్టు వ్యక్తిది. కల్లు గీసే చెట్టు ఎవరిదో పల్లెకంతా తెలుసు. అది తండ్రి నుంచి కొడుకుకు సంక్రమిస్తుంది. నేల నుంచి చెట్టును వేరుచేసి చూసే ఈ పద్ధతి రెవెన్యూ రికార్డులో ఇమడదు.

నాలుగోది, చరాస్తి. గొడ్డలి, కొడవలి, విల్లంబులు, కుండలు, బుట్టలు, కోళ్లు, మేకలు, పందులు. ఒక మనిషి కావడిలో మోసుకుపోగలిగినంత సామానే ఇంటి సంపద. ఇల్లు మారడం కష్టం కాకపోవడానికి కారణం ఇదే.

ఈ పొరల వ్యవస్థ కొండరెడ్లకే పరిమితం కాదు. ఇండోనేషియాలోని పశ్చిమ కాలిమంతాన్‌లో దయాక్ ప్రజలు ‘లదంగ్’ అనే పోడు చేస్తారు. అక్కడ కూడా చేను వదిలిన తరువాత నేల అడవిగా మారినా, నాటిన పండ్లచెట్ల మీద హక్కు నాటినవారి వారసులకు ఉంటుంది. పాత నివాసాల చోట మిగిలిన ఆ తోటలను ‘తెంబవాంగ్’ అంటారు. డచ్చి పాలకులు 1870 వ్యవసాయ చట్టంతో యాజమాన్యం రుజువు కాని భూమి అంతా ప్రభుత్వానిదేనని ప్రకటించారు. మన ఏజెన్సీలో అటవీ చట్టాలు చేసిన పని కూడా అదే. రుజువు అంటే కాగితం. కాగితం లేనిచోట హక్కు లేదు. ఆచార సమాజాల అడవి ప్రభుత్వ అడవి కాదని ఇండోనేషియా రాజ్యాంగ న్యాయస్థానం 2013లో తీర్పు చెప్పడానికి దాదాపు ఒకటిన్నర శతాబ్దం పట్టింది.

4. చెట్టు మీద పన్ను: 1879

చెట్టు ఆస్తి అన్న సంగతి ప్రభుత్వ దస్తావేజుల్లోకి ఎక్కింది తిరుగుబాటు రూపంలోనే. రంప ప్రాంతంలో మన్సబుదారు కల్లు మీద చిగురుపన్ను వసూలు చేసేవాడు. దాని మీద మొదలుపన్ను పేరిట మరికొంత చేర్చాడు. దీనికి తోడు మద్రాసు ప్రభుత్వం తెచ్చిన కొత్త ఆబ్కారీ నిబంధనలు ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడాన్ని కూడా నిషేధించాయి. 1879 మార్చిలో రంపలో తిరుగుబాటు మొదలైంది. తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య వంటివారు దానికి నాయకులయ్యారు.

రేకపల్లి ఉదంతం ఇంకా స్పష్టమైనది. నిజాం 1860లో వదులుకున్న భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మధ్య పరగణాల పాలనలో ఉండి, 1874లో మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాలో కలిశాయి. అంతకుముందు తేలికగా ఉన్న పోడు పన్ను ఆ తరువాత పెరిగింది. కొన్ని అడవుల్లో పోడు నిషిద్ధమైంది. 1879లో అంబుల్ రెడ్డి నాయకత్వంలో రేకపల్లి కూడా తిరగబడింది. ఒకచోట చెట్టు, మరోచోట చేను: రెండూ పట్టాలేని ఆస్తులే, రెండింటి కోసమూ జనం ప్రాణాలకు తెగించారు. ఆస్తి భావన లేని జనం ఇంత పోరాటం చేయరన్నది గమనార్హం.

5. ప్రయాణం: నది, కాలిబాట, అప్పు

కొండ పల్లెకు బండిబాట లేదు. కాలిబాట, దాని చివర నది. కావడి భుజాన వేసుకుని సంతకు నడవడం, దోనెలో గోదావరి దాటి పెళ్లికో కొలుపుకో వెళ్లడం నిత్యజీవితం. పాలకులకు సరిహద్దు అయిన నది కొండరెడ్లకు దారి. ఒక గట్టున అటవీ సిబ్బంది బాధ ఎక్కువైతే రెండో గట్టుకు వెళ్లడం వారికి తెలిసిన ఉపాయం. హక్కులు అడిగే వేదిక లేనిచోట ఊరు విడవడమే నిరసన. కనుక తరలిపోయే స్వేచ్ఛను ఆస్తిలో భాగంగా భావించాలి.

నది మీద పెద్ద ప్రయాణాల కల బ్రిటిషు వారిది. సర్ ఆర్థర్ కాటన్ సంకల్పించిన ఎగువ గోదావరి నౌకాయాన పథకం కింద దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట, కాలువ నిర్మించారు. ఖర్చు పెరిగి, ఫలితం కనిపించక 1871లో ఆ పథకాన్ని విరమించారు. నౌకలు రాకపోయినా వ్యాపారి మాత్రం వచ్చాడు. నరికిన కలప, వెదురు తెప్పలుగా కట్టి ప్రవాహంలో వదిలితే రాజమహేంద్రవరం చేరతాయి. ఆ పనికి నది ఒడ్డు రెడ్లు అవసరమయ్యారు.

హైమన్‌డార్ఫ్ చూసిన విషాదం ఇక్కడే ఉంది. వ్యాపారి ముందుగా గింజలో బట్టో అప్పుగా ఇస్తాడు. లెక్క అతని పుస్తకంలో ఉంటుంది. చదవడం రాని రెడ్డి ఆ లెక్క ఎన్నటికీ తీర్చలేడు. అప్పు తీరేదాకా కదలడానికి వీల్లేదు. కొండ మీద చేను వేసుకునే సమయంలో వ్యాపారి కలప లాగడానికి పిలుస్తాడు. పోడు పోతే ఆకలి, ఆకలికి మళ్లీ అప్పు. దారి పక్కన ఉన్నవాడు బాగుపడతాడని మనం సాధారణంగా అనుకుంటాం. ఇక్కడ దారికి దగ్గరైన ఒడ్డు రెడ్డి కదలికను కోల్పోగా, దారికి దూరమైన కొండ రెడ్డి దాన్ని నిలుపుకున్నాడు. ప్రయాణ సౌకర్యం వేరు, ప్రయాణ స్వేచ్ఛ వేరు అన్నది ఈ పల్లెల చరిత్ర నేర్పే పాఠం.

6. చట్టం చూసినది, చూడనిది

తూర్పు గట్టున 1917లోనే ఏజెన్సీ భూబదలాయింపు చట్టం వచ్చింది. పడమటి గట్టున హైమన్‌డార్ఫ్ వంటివారి కృషి వల్ల 1940ల్లో గిరిజన ప్రాంతాల నిబంధనలు రూపొందాయి. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధన 1959లో వచ్చి, 1963లో తెలంగాణకు విస్తరించింది. 1970 సవరణ (1/70) షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుల మధ్య బదలాయింపును కూడా నిషేధించింది.

ఇవి గొప్ప రక్షణలే. అయితే ఇవన్నీ ప్రధానంగా నమోదైన భూమిని కాపాడతాయి. రిజర్వు అడవిలోని పోడు నేల, జీలుగుచెట్టు, పల్లె ఎల్ల వీటి పరిధిలోకి సరిగా రావు. 2006 అటవీ హక్కుల చట్టం ఈ లోటును కొంత పూడ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న అటవీ భూమి మీద హక్కుతోపాటు సాముదాయిక హక్కులను, ఆదిమ గిరిజన సమూహాలకు ఆవాస ప్రాంత హక్కును కూడా అది గుర్తించింది. ఆదిమ గిరిజన సమూహాల జాబితాలో కొండరెడ్లు ఉన్నారు. మొదటి పొర అయిన పల్లె ఎల్లకు చట్టంలో చోటు దొరికింది అప్పుడే.

7. ముంపు ముందు ఆస్తి లెక్క

2014 రాష్ట్ర విభజన సందర్భంగా పోలవరం జాతీయ ప్రాజెక్టు అయింది. ముంపు మండలాలు ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మారాయి. ఒడ్డు రెడ్ల కొయిద, కాట్కూరు వంటి గ్రామాలు నేడు ఏలూరు జిల్లా వేలేరుపాడు మండలంలో ఉన్నాయి. పునరావాసం విషయంలో 2013 భూసేకరణ చట్టం ఒక మంచి మాట చెప్పింది: అడవి మీద, నీటి వనరుల మీద ఆధారపడేవారు, అటవీ ఫలసాయం సేకరించేవారు, చేపలు పట్టేవారు, పడవ నడిపేవారు కూడా బాధిత కుటుంబాలే. భూమికి బదులు భూమి మాత్రం సేకరించిన భూమిని బట్టి వస్తుంది. సేకరించిన భూమి అంటే మళ్లీ రికార్డులో ఉన్న భూమి.

నాలుగు పొరలను ఈ లెక్కలో పెట్టి చూద్దాం. ఇంటికి, పట్టా నేలకు విలువ కట్టవచ్చు. చెట్టుకు కూడా ధర నిర్ణయించవచ్చు. కాని ఆకలి నెలల్లో ఆ చెట్టు ఇచ్చే భద్రతకు పట్టికలో గడి లేదు. వదిలేసి, తిరిగి అడవిగా పెరగనిచ్చిన పోడు నేల కొలతకు అందదు. కాలనీలో ఇచ్చే ఇంటి చుట్టూ పల్లె ఎల్ల ఉండదు. కాలనీకి తారు రోడ్డు ఉంటుంది, బస్సు వస్తుంది. కాని మరో గట్టుకు వెళ్లి చేను నరుక్కునే దారి ముగుస్తుంది.

8. ముగింపు

ఈ పరిశీలన నుంచి కింది అంశాలను గ్రహించవచ్చు.

1. కొండరెడ్ల పల్లెలో ఆస్తి ఎల్ల, చేను, చెట్టు, చరాస్తి అనే నాలుగు పొరలుగా ఉండేది. కాగితం లేకపోవడం ఆస్తి లేకపోవడం కాదు.
2. 1879 తిరుగుబాటులో చిగురుపన్ను, పోడు పన్ను వంటివి కారణాలు కావడం ఈ ఆస్తి భావనకు చారిత్రక సాక్ష్యం.
3. కదిలే స్వేచ్ఛ కొండ పల్లెకు రక్షణ కవచం. అప్పు ద్వారా ఆ స్వేచ్ఛను కోల్పోయిన ఒడ్డు పల్లెలే ఎక్కువ దోపిడీకి గురయ్యాయి.
4. భూబదలాయింపు చట్టాలు నమోదైన భూమిని రక్షించాయి. నమోదు కాని పొరలను 2006 చట్టం మాత్రమే కొంతవరకు గుర్తించింది.

కొండరెడ్ల పల్లెలు నీట మునగకముందే ఆవాస ప్రాంత హక్కు ప్రకారం ఎల్లలను, జీలుగు, మామిడి, చింత చెట్ల వారసత్వాన్ని, పాత పోడు నేలలను పల్లె పెద్దల సాక్ష్యంతో నమోదు చేయడం అవసరం. హైమన్‌డార్ఫ్ 1941లో ఆరంభించిన ఆ పని ఇప్పుడు తెలుగు విశ్వవిద్యాలయాల చరిత్ర, మానవశాస్త్ర శాఖలు చేపట్టవలసిన బాధ్యత. నేల మునిగినా దాని మీద ఎవరికి ఏ హక్కు ఉండేదో చెప్పే రాత మిగిలితే, పరిహారం అడిగే తరువాతి తరం చేతిలో కనీసం ఒక ఆధారం ఉంటుంది.