భూకంపసీమలో తోట బతుకు: కచ్ వాడీల చరిత్ర – ఒక పరిశీలన

భూకంపాల చరిత్రను సాధారణంగా నగరాల శిథిలాల నుంచి, మృతుల సంఖ్య నుంచి రాస్తారు. కూలిన కోటలు, ప్రార్థనాలయాలు, బజార్లు ఆ లెక్కలోకి వస్తాయి. ఊరి వెలుపలి బావి, దాని చుట్టూ ఉన్న కంచె, కంచె లోపలి చెట్లు రావు. గుజరాత్‌లోని కచ్ జిల్లా చరిత్రను ఈ రెండో వైపు నుంచి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. కచ్‌లో తోట బతుకును నిర్ణయించింది భూమి కంపించిన ఆ కొద్ది క్షణాలకంటే నీటి విషయంలో మనుషులు తీసుకొన్న నిర్ణయాలే అన్నది ఇక్కడి ప్రతిపాదన.

వాడి: మాట, స్థలం

కచ్ వైశాల్యం 45 వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. దేశంలో ఇదే అతి పెద్ద జిల్లా. భూకంప ప్రమాదాన్ని బట్టి చేసిన విభజనలో చాలాకాలం అత్యధిక ప్రమాదాన్ని సూచించే ఐదో మండలంలో ఉంది. వాన తక్కువ, అదీ నిలకడ లేనిది. ఇటువంటి నేలలో బావి కింద సాగయ్యే భూమిని ‘వాడి’ అంటారు. సంస్కృతంలోని ‘వాటిక’ నుంచి వచ్చిన మాట ఇది. కంచెతో చుట్టిన చోటు అన్నది దీని మూలార్థం. తెలుగులో ‘వాటిక’ తోటగానే మిగిలింది. అదే కుదురుకు చెందిన ‘వాడ’ మాత్రం జనం నివసించే చోటయింది. కచ్‌లో ఈ రెండు అర్థాలూ కలుస్తాయి. వాడిలో చెట్లతోపాటు పశువులు, మేతజొన్న, కూరమళ్ళు, కాపలా ఉండే కుటుంబం కూడా ఉండవచ్చు.

వాడికి ప్రాణం బావి. ఎద్దులతో తోలు బానను లాగించి నీరు తోడే పద్ధతిని అక్కడ ‘కోస్’ అంటారు. మన మోట, కపిల అటువంటివే. ముంద్రా ప్రాంతపు వాడీలు ఖర్జూరానికి పేరుపొందాయి. ఖర్జూరం ఉప్పును కొంతవరకు ఓర్చుకొంటుంది. ఇక్కడ పండు పూర్తిగా మాగేలోగానే వానలు వస్తాయి కాబట్టి దోరగా ఉండగానే కోసి తింటారు. దానినే ‘ఖారెక్’ అంటారు. ఎక్కువ చెట్లు విత్తనం నుంచి మొలిచినవి కావడంతో ఒక చెట్టు కాయకూ మరో చెట్టు కాయకూ రంగులోనూ రుచిలోనూ తేడా ఉంటుంది. కచ్ ఖారెక్‌కు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది.

1819: తప్పు ఎవరిది?

1819 జూన్ 16 సాయంత్రం వచ్చిన భూకంపం కచ్ పటాన్ని మార్చింది. వాయవ్యాన ఉన్న సింద్రీ కోట పరిసరాలు కుంగి నీట మునిగాయి. దానికి ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల పొడవున నేల గట్టులా పైకి లేచింది. మనిషి కట్టని ఆ గట్టును జనం ‘అల్లాబంద్’ అన్నారు. 1827, 1828లలో అలెగ్జాండర్ బర్న్స్ ఈ ప్రాంతాన్ని చూశాడు. చార్లెస్ లయెల్ భూవిజ్ఞాన గ్రంథం ద్వారా సింద్రీ యూరప్ పండితులకు తెలిసింది.

లఖ్‌పత్ వైపు వరిపొలాలు ఈ భూకంపంతోనే ఉప్పునేలలయ్యాయన్న కథనం ప్రచారంలో ఉంది. కాలక్రమాన్ని గమనిస్తే ఇది నిలవదు. సింధునది తూర్పు పాయ నీటితో అక్కడ వరి పండేది. 1762లో ఝారా యుద్ధం జరిగింది. ఆ తరువాత సింధ్ పాలకుడు గులాంషా కల్హోరా మోరా వద్ద ఆ పాయకు అడ్డుకట్ట వేయించాడు. అనంతరం సింధ్‌లో మరికొన్ని కట్టలు లేచాయి. నీరు తెగి వరిసాగు దెబ్బతిన్న సంగతిని బర్న్స్ కూడా నమోదు చేశాడు. అంటే అల్లాబంద్ లేచేనాటికి ఆ పొలాలు నది నీటిని కోల్పోయి దశాబ్దాలయింది. 1826లో సింధునది వరద ఆ గట్టును తెంచుకొని కచ్ వైపు వచ్చింది గాని పాత సాగు తిరిగి నిలబడలేదు.

దేవుడి కట్ట కథలో మిగిలింది. మనిషి కట్ట మరుగునపడింది. ఎగువనున్న పాలకుడి చేతిలోని నీటితో బతికిన పైరు పోయింది. రైతు చేతిలోని బావితో బతికిన వాడి మిగిలింది.

2001: ఇల్లు, బావి

1956 జూలైలో అంజార్ భూకంపం వందమందికి పైగా ప్రాణాలు తీసింది. 2001 జనవరి 26 ఉదయం 8 గంటల 46 నిమిషాలకు భచావ్ సమీపం కేంద్రంగా వచ్చిన భూకంపంలో అధికారిక లెక్కల ప్రకారమే 13 వేలమందికి పైగా మరణించారు. మట్టి అడుసుతో పేర్చిన రాతిగోడలు, ఇరుకు సందులు, సరైన పటిష్ఠత లేని బహుళ అంతస్తుల కట్టడాలు ప్రాణాంతకమయ్యాయి. బన్నీ ప్రాంతంలో ‘భూంగా’లనే గుండ్రటి ఇళ్ళు చాలావరకు నిలిచాయి. చంపింది నేల కాదు, గోడ. వాడిలో ఉన్నవారి మీద పడటానికి అటువంటి గోడ లేదు.

రణ్‌లోనూ బన్నీలోనూ నేల పగిలి ఇసుకా నీరూ పైకి ఉబికాయి. ఉపగ్రహ చిత్రాల్లో పూడిపోయిన పాత కాలువల జాడలు తడిగా కనిపించాయి. సరస్వతి తిరిగి వచ్చిందని కొందరు ఆశపడ్డారు. ఆ నీరు కొద్దికాలంలోనే ఇంకిపోయింది. నేల ద్రవంలా మారడం వల్ల పైకి వచ్చిన నీరే తప్ప అది కొత్త నది కాదు.

పునర్నిర్మాణంలో మొదట, బాగా కూలిన గ్రామాలను వేరేచోటికి తరలించాలన్న ఆలోచన వచ్చింది. ఎక్కువ గ్రామాలు దానికి ఒప్పుకోక పాతచోటనే, ప్రభుత్వ సహాయంతో ఇళ్ళు తామే కట్టుకొన్నాయి. దీనిని పాత ఊరిపై మమకారంగా మాత్రమే చదవడం సరిపోదు. ఇంటిని ఏడాదిలో కట్టవచ్చు. తియ్యటి నీరున్న బావిని, కాపుకొచ్చిన తోటను అలా తరలించడం సాధ్యం కాదు. తోటకు దూరమైన ఊరంటే రోజువారీ పనికి దూరమైన ఊరు.

తరువాతి ప్రమాదం

భూకంపం తరువాత ఇచ్చిన పన్ను రాయితీలతో కచ్‌కు పరిశ్రమలు వచ్చాయి. ఖారెక్ పండే ముంద్రా తాలూకాలోనే ఓడరేవు, విద్యుత్ కేంద్రాలు పెరిగాయి. సాగులోనూ బిందుసేద్యం, కేసర్ మామిడి, దానిమ్మ విస్తరించాయి. ఎద్దులు లాగిన బాన బావి ఊరినంతే తోడగలిగేది. విద్యుత్ మోటారుకు ఆ హద్దు లేదు. నీటిమట్టం దిగుతున్నకొద్దీ తీరప్రాంతపు బావుల్లోకి ఉప్పు చేరుతోంది. 2003లో గొట్టాల ద్వారా నర్మద తాగునీరు వచ్చింది. తరువాత సాగుకాలువ కూడా వచ్చింది. వాడి మళ్ళీ దూరపు నదివైపు, దూరపు నిర్ణయంవైపు చూసే స్థితి ఇది. లఖ్‌పత్ వరిపొలాల చరిత్ర తెలిసినవారికి ఈ మార్పు ప్రాధాన్యం వేరే చెప్పనక్కరలేదు.

ముగింపు

తెలుగునాట కచ్ పరాయిది కాదు. మన పట్టణాల్లో కలప అడితీలు, సామిల్లులు నడిపే కచ్ పటేళ్ళలో అనేకులు ఈ వాడీల సీమ నుంచే వచ్చారు. తెలుగునేలకూ భూకంప స్మృతి ఉంది. 1967లో ఒంగోలు ప్రాంతం, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం ప్రాంతం కంపించాయి. వాటిని గురించి స్థానిక చరిత్రలు సేకరించేటప్పుడు ఎన్ని ఇళ్ళు బీటలువారాయన్న ప్రశ్నతో ఆగకూడదు. బావినీరు మారిందా, తోట ఎవరి చేతిలో మిగిలింది, అంతకుముందే నీటిని ఎవరు మళ్ళించారు అని కూడా అడగాలి. మోట, కపిల, ఏతం, పాదు, మడి వంటి మాటలు తెలిసిన తరం ఉన్నప్పుడే ఆ సేకరణ జరగాలి. లేకపోతే మన కథనాల్లోనూ మనిషి చేసిన నష్టం భూకంపం ఖాతాలో చేరుతుంది.